చాతనైతదన్న మాట

మా తమ్ముడు మల్లికార్జున్ ఏం పని చేస్తాడని ఎవరైనా అడిగితే మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఎందుకంటే చెప్పలేను. కండక్టరనో, టీచరనో, కనీసం కంప్యూటర్ల రిపేరనో అయితే ఒక్క మాటతో అయిపోతుంది. వాడి పనేమో, డిస్కు ఒకేసారి ఎంత మోయగలదో చూసి, అంతకు మించి దాని నెత్తిన పెట్టకుండా కాపలా కాయడం. రామన్నపేటలో మా ఆడబిడ్డకు ఇదే చెబితే, "గా పనికి జీతమిస్తరా వదినా?" అని బుగ్గలు నొక్కుకుంది. "ఇస్తరు. నీ మొగనికే ఎవ్వలిస్తలేరు," అన్నాను. నాకు నోరు ఎక్కువ. ఉమారాణి కడుపులో ఆవగింజ కూడా దాగదని మా పుట్టింటి ఊరు, అత్తగారి ఊరు రెండూ అంటాయి. ఆ మాట ముందే చెప్పి పెడుతున్నాను, తర్వాత పనికొస్తుంది.

మాది మర్రిగూడ మండలంలో ఒక ఊరు. గొర్రెల మీద బతికే ఇల్లు. నాయిన రామచంద్రయ్య పాము కరిచి పోయేనాటికి నేను తొమ్మిదో తరగతి, మల్లిగాడు నాలుగు. ఆ తర్వాత గొర్రెల కట్టె అమ్మ చేతికి వచ్చింది. మా అమ్మ పేరు బక్కమ్మ. పేరుకు తగ్గట్టే ఉండేది గాని, ఈనే గొర్రెను భుజాన వేసుకుని రెండు మైళ్ళు నడిచి వచ్చిన మనిషి.

మా దిక్కు నీళ్ళల్లో ఫ్లోరైడ్, తాగగా తాగగా ఎముకలు బిగుసుకుపోతాయి. మేం బడిలో ఉండగా ఏడాదికోసారి డాక్టర్లు వచ్చి పిల్లల్ని వరసగా నిలబెట్టేవాళ్ళు. వంగి కాలివేళ్ళు ముట్టుకోమనేవాళ్ళు. గడ్డం రొమ్ముకు ఆనించమనేవాళ్ళు. రెండు చేతులూ తల వెనక్కి పెట్టమనేవాళ్ళు. ఈ మూడింట్లో ఏది రాకపోయినా పేరు రాసుకునేవాళ్ళు. మా ఇద్దరికీ పళ్ళు గారపట్టడంతో పోయింది, ఒళ్ళు వంగేది. అమ్మను మాత్రం ఎవరూ వరసలో నిలబెట్టలేదు. ఆమె అప్పుడు గొర్రెల వెంబడి ఉండేది.

మల్లిగాడి గుణం ఒకటుంది. ఎవరేం చెప్పినా నమ్ముతాడు. రేగ్గింజ మింగితే చెవుల్లోంచి చెట్టు మొలుస్తుందని చిన్నప్పుడు నేనంటే, ఏడాది పాటు రేగుపండు ముట్టలేదు. రోజూ పొద్దున లేవగానే చెవులు తడుముకునేవాడు. అంత పిచ్చి మాలోకం నల్లగొండలో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో కంపెనీలో చేరి, కెర్నెల్ మీద పనిచేస్తాడని నేను కలలో కూడా అనుకోలేదు. కరోనా వచ్చి రోడ్లు మూసేసిన ఏడాది ఒక బ్యాగు, ఒక ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికి వచ్చాడు. మళ్ళీ రమ్మని కంపెనీ అనలేదు, పోతానని వాడూ అనలేదు. గొంగళ్ళు పెట్టుకునే నడిమి గదిలో బల్ల వేసుకుని అక్కడే కూర్చున్నాడు. అమ్మకూ వాడికీ మధ్య ఒక్క గోడ.

ఆ ఎండాకాలం, రోడ్లు తెరిచాక, నేను పుట్టింటికి వెళ్ళినప్పుడు, నీ పనేందో నాకర్థమయ్యేటట్టు చెప్పరా అని పట్టుబట్టాను. వాడు నన్ను దొడ్లో తొట్టి దగ్గరికి తీసుకుపోయాడు. అమ్మ గొర్రెలకు నీళ్ళు పెడుతోంది.

"అక్కా, కెర్నెలంటే కంప్యూటర్ లోపట అందరికి పని పంచే పెద్దమనిషి అనుకో. డిస్కును తగిలియ్యంగనే గాయిన దాన్ని అడుగుతడు, ఒక్కపారి నువ్వెంత తీసుకుంటవు, నీ ముంగట ఎన్ని పనులు వరసల నిలవడొచ్చు అని. అది చెప్తది. గంతకన్న పెద్ద పనొస్తే ముక్కలు చేసి పంపాలె, ఎక్కువొస్తే ఆపాలె. సూడు, తొట్టికాడ పది గొర్లే పడతయ్. అమ్మ పదింటినే ఇడుస్తాంది, మిగిలినయాటిని కట్టెతోటి ఆపుతాంది. గదే నా పని."

అమ్మ కట్టె అడ్డం పెట్టి నవ్వింది. "గింత సదువు సదివి నా పనే చేస్తున్నవారా, కొడుకా?"

"మరి అది సక్కగ చెప్పకపోతే?" అని నేనడిగాను.

"ఎందుకు చెప్పదక్కా? దాని సంగతి దానికంటె ఎవ్వలికి ఎరుక?" అన్నాడు వాడు.

రెండేళ్ళ తర్వాత, వానాకాలంలో, నేను మళ్ళీ వెళ్ళాను. బస్సు దిగి ఊళ్ళోకి నడుస్తుంటే తోవలో మా అమ్మ చెప్పు కనబడింది. ఒక్కటే. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది, కుక్క ఎత్తుకొచ్చిందేమోనని. చెప్పు చేత్తో పట్టుకుని ఇంటికి పోయేసరికి అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఒక కాలికి చెప్పుంది, రెండో కాలు బురదలో ముంచి తీసినట్టుంది.

"ఇదేందే?" అన్నాను.

అమ్మ తన కాళ్ళ వైపు చూసుకుంది. ఆ చూపు నేను మరిచిపోలేను. చెప్పు పోయిన సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. చెప్పు లేకుండా అంత దూరం, ముళ్ళలో, బురదలో నడిచి వచ్చింది, కాలికి తెలియలేదు.

మల్లిగాడు గదిలో తలుపేసుకుని ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. నేను అమ్మను గొర్రెల కొట్టంలోకి లాక్కుపోయి, బడిలో డాక్టర్లు నిలబెట్టినట్టు నిలబెట్టాను. వంగమన్నాను. చేతులు మోకాళ్ళ దగ్గర ఆగిపోయాయి. చేతులు తల వెనక్కి పెట్టమంటే చెవుల దాకా వచ్చాయి. గడ్డం ఆనించమంటే మెడ అస్సలు కదల్లేదు. కళ్ళు మాత్రం కిందికి దించి, "ఆనింది గదనే?" అంది. నాకు ఏడుపొచ్చింది.

"పా, దవాఖానకు పోదాం. మల్లిగానికి చెప్త," అన్నాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. "నా మీద ఒట్టు. వానికి చెప్తే నన్ను చంపుకున్నట్టే. వానికి తెలిస్తే గా కుర్చీల కూసుంటడా? పని ఇడిసిపెట్టి గొర్ల ఎంబడి పోతడు. మీ నాయిన బతుకు వానికొద్దు బిడ్డా."

లోకంలో నేను దేనికీ భయపడను. ఒక్క ఒట్టుకు తప్ప. తొమ్మిదో తరగతిలో నాయిన మీద ఒట్టు పెట్టి, స్నేహితురాళ్ళతో సినిమాకు పోనని చెప్పి, పోయాను. మూడో రోజు నాయినను పాము కరిచింది. ఇది వింటే మా ఆయన గోపాల్ నవ్వుతాడు, పాము సినిమా టికెట్టు చూసి వచ్చిందా అంటాడు. నవ్వనీ. ఒట్టు తప్పితే ఎవరి మీద పెట్టామో వాళ్ళకే కీడని మా ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అమ్మ ఆ సంగతి తెలిసే నా చెయ్యి పట్టుకుంది. నేను నోరు మూసుకున్నాను. నా బతుకులో నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత అమ్మ చెప్పులకు గుడ్డపీలిక కట్టుకోవడం మొదలుపెట్టింది, మడమ చుట్టూ తిప్పి ముడి. మల్లిగాడు చూసి, ఎందుకే అని అడిగాడట. చెప్పులు వదులైనాయని చెప్పిందట. ఆ వారమే మర్రిగూడ పోయి ఒక సైజు తక్కువవి తెచ్చాడు. వాటికీ పీలిక కడితే, ఇంకో సైజు తక్కువవి తెచ్చాడు. నాకు ఫోన్ చేసి, "అమ్మ పాదం చిన్నగైతాందక్కా, వయసుకు గట్లయితదా?" అని అడిగాడు. నేను పళ్ళు బిగబట్టి, "అయితది," అన్నాను. ఫోన్ పెట్టేసి, అమ్మకు చేసి, ఒట్టు తీసి గట్టు మీద పెట్టవే నీకు దండం పెడతా అని మొత్తుకున్నాను. "పెడత తియ్, పిల్లలు తిన్నరా?" అంది. ప్రతిసారీ అదే మాట.

మరుసటి ఏడు ఎండాకాలం మల్లిగాడికి ఒక దెబ్బ తగిలింది. వాళ్ళ కంపెనీ గోదాముల్లో కెమెరాలు తీసే బొమ్మలన్నీ దాచే పెట్టెలు తయారుచేస్తుంది. వాటిల్లోకి కొత్త రకం డిస్కులు వచ్చాయి. ఒకేసారి వెయ్యి ముక్కలు తీసుకుంటానని ఆ డిస్కు చెప్పింది. మల్లిగాడు వెయ్యి అని పెట్టాడు. చలికాలమంతా బాగానే నడిచాయి. ఏప్రిల్ వచ్చేసరికి, మధ్యాహ్నం కాగానే ఒక్కొక్కటే చప్పుడు లేకుండా ఆగిపోవడం మొదలైంది. అడిగినా జవాబు లేదు. అప్పటిదాకా రాసింది కొంత పోయింది.

వాడి పై అధికారి నిహారిక అనే అమ్మాయి ఫోన్లో కడిగి పారేసింది. నేను పిల్లల సెలవులకు వచ్చి అక్కడే ఉన్నాను.

"ఆ లిమిట్ ఎవరు పెట్టారు మల్లికార్జున్?"

"డిస్కు చెప్పిందే పెట్టిన మేడమ్."

"అది చెబితే మీరు నమ్మేస్తారా? ఒక్కసారైనా ఎండలో నడిపించి చూశారా?"

ఫోన్ పెట్టేశాక వాడి మొహం చూడలేకపోయాను. "అక్కా, అది అబద్ధం ఎందుకు చెప్తది? దానికేం లాభం?" అన్నాడు. ముప్పై ఏళ్ళ మనిషి రేగ్గింజ మింగినవాడిలా కూర్చున్నాడు.

మర్నాటి నుంచి ఆ డిస్కును గొర్రెల కొట్టంలో, రేకుల కింద, చెక్క మీద పెట్టి పరీక్ష మొదలుపెట్టాడు. మే నెల. రేకు ముట్టుకుంటే చెయ్యి కాలేది. మొదట ముప్పై ముక్కలు పంపాడు, తర్వాత అరవై, నూరు. ప్రతి కొలతనూ గంటలకొద్దీ నడిపేవాడు. అది ఆగిపోతే తీగ పీకి, చల్లారేదాకా ఆగి, మళ్ళీ మొదలు. నాలుగో రోజు మధ్యాహ్నం అమ్మ చెంబులో మజ్జిగ తెచ్చింది. గోడ పట్టుకుని వచ్చింది. మల్లిగాడు తెర వైపు తిరిగి ఉన్నాడు, చూడలేదు.

"దాన్ని గట్ల సంపుతున్నవేందిరా?" అంది.

"అది ఎంత మోస్తదో సూస్తున్ననే అమ్మా."

"దాన్నే అడగరాదు?"

"అడిగిన. వెయ్యి అంటది. రెండు వందల నలభై దాటితే పడిపోతాంది. లేపి మల్ల అడుగు, మల్ల వెయ్యే అంటది."

అమ్మ ఆ చిన్న నల్ల పెట్టెను చాలాసేపు చూసింది. "దానికే ఎరుక లేదేమోరా. తయారు చేసినోళ్ళు గట్లనే చెప్పుమని పంపిన్రేమో. పాపం," అంది.

వాడు నవ్వి, మజ్జిగ తాగి, మూతి తుడుచుకున్నాడు. "నువ్వు గట్ల చెయ్యకే. చాతకాకుంటే చెప్పు, గొర్లను అమ్మేద్దాం. రోజు అడుగుతున్న గదా."

"చాతనైతది తియ్. చాతకాకుంటే చెప్పనా?"

నేను నోరు తెరిచాను. నిజంగా తెరిచాను, "ఒరేయ్" అనే మాట నాలుక మీదికి వచ్చింది. అమ్మ కొంగు సవరించుకుంటున్నట్టు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని నన్నే చూసింది. నేను లేచి చెంబు తీసుకుని లోపలికి పోయాను.

మల్లిగాడు కష్టపడి చేసిందానికి ఫలితం దక్కింది. కెర్నెల్‌లో ఒక పట్టిక ఉంటుందట, తమ కొలత తప్పు చెప్పే డిస్కుల పేర్లన్నీ రాసి ఉంచే పట్టిక. అందులో ఈ డిస్కు పేరు, పక్కన రెండు వందల నలభై అనే అంకె చేర్చమని వాడు ఆ కెర్నెల్‌ను చూసుకునే పెద్దవాళ్ళకు రాశాడు. మొహం తెలియని ఎవరెవరో దేశదేశాల నుంచి ప్రశ్నలు వేశారు. డిస్కే వెయ్యి అంటుంటే మీరెందుకు తగ్గిస్తున్నారని ఒకాయన అడిగాడు. కొట్టంలో ఎండకు పెట్టి నడిపించిన రోజులన్నీ వరసగా రాసి పంపాడు. ఆగస్టులో ఒప్పుకున్నారు. ఫోన్ చేసి, "అక్కా, ఇగ ఈ డిస్కు ఏ దేశంల ఎవ్వల కంప్యూటర్ల ఉన్నా, దాని నెత్తిన ఎక్కువ బరువు పెట్టరు," అన్నాడు. ఎంత సంతోషమో వాడి గొంతులో. పక్కన అమ్మ నవ్వు కూడా వినబడింది.

సెప్టెంబరులో అమ్మ పడిపోయింది.

సాయంత్రం గొర్రెలకు నీళ్ళ వేళ. రోజూ పదేసి వచ్చి తాగి పోయే చప్పుడు గోడ అవతల కూర్చున్న మల్లిగాడికి అలవాటే. ఆ రోజు మంద మొత్తం ఒక్కసారి తొట్టి మీద పడ్డ చప్పుడు విని బయటికి ఉరికాడు. ఆపే కట్టె లేదు. అమ్మ గొర్రెల కాళ్ళ కింద ఉంది. వాడు వాటిని తోసుకుంటూ పోయి ఎత్తుకుంటే, "ఏం కాలేదురా, కాలు తిమ్మిరెక్కింది, జర నిలవెట్టు," అందట. నిలబెడితే నిలబడలేదు. మళ్ళీ ఎన్నడూ నిలబడలేదు.

హైదరాబాదు దవాఖానలో డాక్టరు ఫోటోలు చూపించాడు. మెడ దగ్గర ఎముక పెరిగి పెరిగి వెన్నుపామును నలిపేసిందన్నాడు. "ఏడాది కింద తెస్తే ఆపరేషన్ చేసి కాళ్ళు నిలిపేవాళ్ళం. మీరు గమనించలేదా?"

"మొన్నటిదాక మంచిగనే నడిచింది సార్. రోజు అడిగేటోణ్ణి. చాతనైతది అనేది," అన్నాడు మల్లిగాడు.

"అడిగితే ఏం తెలుస్తుందయ్యా. ముందు నిలబెట్టి నడిపించి చూడాలి," అన్నాడు డాక్టరు. తిట్టినట్టు కూడా అనలేదు, మామూలుగా అన్నాడు. నేను తమ్ముడి వెనకే నిలబడి ఉన్నాను. ఏడాది కింద నేను నిలబెట్టి చూశాను డాక్టరుగారూ అని నా నోరు అనలేదు.

వాడు మందులకు పోయినప్పుడు అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. "ఉమా, ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. ఇగ చెప్పుకో బిడ్డా, నీ కడుపుల బరువెందుకు," అంది.

"ఇప్పుడు తీస్తవానే? ఇప్పుడా?" అని అరిచాను. వార్డంతా నా వైపు తిరిగింది. అమ్మ కళ్ళు మూసుకుంది. ఆమె మీద అరిచినందుకు ఇవాళ్టికీ నా చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

గొర్రెలను అచ్చంపేట దిక్కు వాళ్ళకు అమ్మేశాం. అమ్మ ఎనిమిది నెలలు మంచంలో ఉంది. మల్లిగాడు తన బల్లను ఆమె మంచం పక్కకు జరుపుకున్నాడు. రెండు గంటలకోసారి లేచి ఆమెను పక్కకు తిప్పేవాడు, వీపు తుడిచేవాడు, ముద్ద చిన్నది చేసి పెట్టేవాడు. అప్పుడు మాత్రం ఎట్లుందే అని నోటితో అడగడం మానేశాడు. చెయ్యి పెట్టి చూసేవాడు, వీపు చూసేవాడు, పాదం గీకి చూసేవాడు. అయినా పుండ్లు పడ్డాయి. మే నెలలో, సరిగ్గా కిందటేడు ఆ డిస్కును ఎండకు పెట్టిన రోజుల్లోనే, అమ్మ పోయింది.

మొన్న గది సర్దడానికి వెళ్ళాను. గొంగళ్ళ వెనక అమ్మ చెప్పులు మూడు జతలు బయటపడ్డాయి, ఒకదానికన్న ఒకటి చిన్నవి. మూడింటికీ గుడ్డపీలికలు. మల్లిగాడు వాటిని తీసుకుని గడప మీద వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. ఒక పీలిక ముడి విప్పి, మళ్ళీ కట్టాడు.

"అక్కా, పాదం చిన్నగైతాందనుకున్న నేను," అన్నాడు. నా వైపు చూడకుండానే అడిగాడు. "అమ్మ నీకేమన్న చెప్పిందా? కాళ్ళ గురించి. ముందుగాల."

ఇప్పుడు ఒట్టు లేదు. అమ్మే తీసేసింది. ఎవరికీ కీడు రాదు. నిజం చెప్పడానికి అడ్డమేమీ లేదు, నా పిరికితనం తప్ప.

"నాకేం చెప్పలే తమ్మీ," అన్నాను.

వాడు తలూపాడు. నమ్మాడు. "నీకు చెప్తే నువ్వు దాస్తవా? ఊరంత ఒర్రి, నన్ను రెండు గుద్ది, ఆ రోజే దవాఖానకు తోలుకపోతుంటివి. గందుకే నీకు కూడ చెప్పలేదు," అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ కోసం ఏడుస్తున్నాననుకుని వాడు వచ్చి నా వీపు మీద చెయ్యి వేశాడు.